హైదరాబాద్ జలమండలి నల్లా కనెక్షన్ సమీక్ష: నీళ్లు బాగున్నాయి, లెక్కే కుదరడం లేదు

ఇల్లు అద్దెకు చూసేటప్పుడు హైదరాబాద్‌లో ముందు అడిగే మాట "మంజీరా ఉందా, బోరేనా?" అని. మంజీరా, అంటే జలమండలి నల్లా, ఉందంటే అద్దె కాస్త ఎక్కువైనా సర్దుకుంటారు. బోరు నీళ్లతో పోలిస్తే జలమండలి నీళ్లు తేలిక, సబ్బు నురగ వస్తుంది, పప్పు ఉడుకుతుంది. 1989 నవంబర్ 1న ఏర్పడిన ఈ సంస్థ ఇంటి దాకా తెచ్చే నీళ్లకు ఐదుకు మూడున్నర మార్కులు ఇవ్వొచ్చు. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, దానికి ఎంత అప్పు అవుతోంది, దగ్గరలో ఉన్న చెరువుల్ని ఏం చేస్తున్నాం అని చూస్తే మాత్రం రెండు దాటవు. ఈ రెండో లెక్కలో తప్పు జలమండలి ఒక్కదానిది కాదు. ప్రభుత్వాలదీ, నగరాభివృద్ధి సంస్థదీ, చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిండే నేలలో, ప్లాటు కొనేవాళ్లదీ అందరిదీ ఉంది. కానీ బిల్లు వచ్చేది నల్లా పేరు మీదే కాబట్టి నల్లా దగ్గరే మొదలుపెట్టాలి.

నల్లా దగ్గర

నీటి నాణ్యతతో పెద్దగా పేచీ లేదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు (టీడీఎస్) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా అనుమతిస్తారు. నల్లా దగ్గర మిగులు క్లోరిన్ కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. చౌక టీడీఎస్ మీటరు ఒకటి, క్లోరిన్ చూసే చుక్కల మందు సీసా ఒకటి ఉంటే రెండూ ఇంట్లోనే తేలిపోతాయి. టీడీఎస్ 500 లోపు చూపిస్తుంటే ఆర్వో మిషన్ అక్కర్లేదు. మామూలు ఇంటి ఆర్వో ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. వందల మీటర్లు ఎత్తిపోసి తెచ్చిన నీళ్లను అలా మోరీలో పోయడం అన్యాయం. మరిగించి వడగట్టుకున్నా, ఆర్వో లేని యూవీ ఫిల్టరు వాడినా సరిపోతుంది.

ఇబ్బంది వేళలతో. చాలా ప్రాంతాలకు రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వదులుతారు. దీనివల్ల సంపు తప్పనిసరి అవుతుంది, అది ఖర్చు. అంతకంటే పెద్ద సమస్య పైపు లోపల జరుగుతుంది. నీళ్లు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి పగుళ్ల దగ్గర లోపలి నీళ్లు బయటికి కారతాయి. వదలడం ఆపగానే పైపు ఖాళీ అవుతూ లోపలికి లాగుతుంది. పక్కనే మురుగు పైపు లీకవుతుంటే ఆ మురుగు అదే పగుల్లోంచి లోపలికి వస్తుంది. నీళ్లు వచ్చిన మొదటి ఐదు నిమిషాలు రంగు మారి, వాసన రావడానికి చాలాసార్లు కారణం ఇదే. ఫిల్టర్‌బెడ్ దగ్గర లోపం ఉండదు. ఆ ఐదు నిమిషాల నీళ్లు సంపులోకి పోనివ్వకుండా మొక్కలకు మళ్లించండి. రెండు విడతలు వరసగా అలాగే వస్తే 155313కి ఫిర్యాదు చేసి, "కలుషితం" అన్న మాట స్పష్టంగా చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. "నీళ్లు సరిగా రావడం లేదు" అంటే ప్రెషర్ సమస్య కింద రాసుకుంటారు, వచ్చే మనిషి వేరే పని మీద వస్తాడు.

నల్లాకు నేరుగా మోటారు బిగించడం ఇదే రోగాన్ని పెంచుతుంది. మోటారు లాగే గుంజుడుకు పగుళ్లలోంచి మురుగు, నల్లా వదులుతున్నప్పుడే లోపలికి వచ్చేస్తుంది, పక్కింటి ప్రెషర్ పోతుంది, వాళ్లూ మోటారు పెడతారు, వీధి మొత్తం ఒకరిది ఒకరు లాక్కుంటుంది. 2025 ఏప్రిల్ 15 నుంచి జలమండలి మోటార్లపై ప్రత్యేక తనిఖీలు పెట్టి, పట్టుబడితే మోటారు స్వాధీనం చేసుకుని 5,000 రూపాయలు జరిమానా వేయడం మొదలుపెట్టింది. సరైన పని. సంపును రోడ్డు మట్టం కంటే కిందికి కట్టుకుని నీళ్లు వాటంతట అవే అందులో పడేలా చూసుకుంటే, తక్కువ ప్రెషర్‌లోనూ మోటారు లేకుండా నిండుతుంది. మోటారు సంపులోంచి పైట్యాంకుకు మాత్రమే.

మీటరు గురించి రెండు మాటలు. నీళ్లు వదిలే ముందు ఖాళీ పైపులోని గాలి బయటికి వస్తూ మీటరును తిప్పుతుంది. ఇది నిజంగా జరిగేదే. అనుమానం ఉంటే మీటరు రీడింగ్ రాసుకుని, ప్రవాహం స్థిరపడ్డాక 20 లీటర్ల బకెట్లు ఐదు పట్టండి. మీటరు 0.1 కిలోలీటరు తిరగాలి. ఆ లెక్క కుదిరి, నెల మొత్తం మీద మాత్రం ఎక్కువ వస్తుంటే గాలి తిరుగుడో లీకేజీయో. సంపులో ఫ్లోట్ వాల్వ్ పాడై రాత్రి పూట పొంగిపొర్లితే, నిమిషానికి 20 లీటర్లు వచ్చే కనెక్షన్‌లో ఒక్క గంటకు 1,200 లీటర్లు పోతాయి. సెకనుకో చుక్క కారే కుళాయి రోజుకు 20 లీటర్లు తాగేస్తుంది.

ఉచితం 20 కిలోలీటర్లు

2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 కిలోలీటర్లు ఉచితం. దీనికి పనిచేసే మీటరు ఉండాలి, కనెక్షన్ ఖాతా నంబరుకు, అంటే అందరూ క్యాన్ నంబరు అనే దానికి, ఆధార్ జోడించాలి. బస్తీ కనెక్షన్లకు మీటరు నిబంధన లేదు. అపార్ట్‌మెంట్‌లో ఒకే పెద్ద కనెక్షన్ ఉన్నా ఫ్లాటుకు 20 చొప్పున లెక్క కడతారు, అయితే ఏ ఫ్లాటు ఆధార్ జోడించిందో ఆ ఫ్లాటుకే. పది ఫ్లాట్లలో ఆరే జోడిస్తే 120 కిలోలీటర్లే ఉచితం, మిగతా నీళ్ల డబ్బు మీద అసోసియేషన్‌లో గొడవ. అందుకే ఫ్లాటు చేతులు మారగానే పాత ఓనరు ఆధార్ తీసేసి కొత్తది పెట్టించుకోవడం రిజిస్ట్రేషన్ రోజే చేయాల్సిన పని.

ఉచితం దాటాక వచ్చే ధరలు 2011లో పెట్టినవి. ఇళ్లకు 15 కిలోలీటర్ల దాకా కిలోలీటరుకు 10 రూపాయలు, 16 నుంచి 30 దాకా 12, 31 నుంచి 50 దాకా 22, 51 నుంచి 100 దాకా 27. దాని మీద మురుగునీటి సెస్ 35 శాతం. ఈ లెక్కన 20 కిలోలీటర్లు వాడిన ఇంటికి నీటి చార్జీ 210 రూపాయలు, సెస్ 73.50, మొత్తం 283.50. ఉచిత పథకంలో ఇది ప్రభుత్వం జలమండలికి చెల్లించాల్సిన బాకీ అవుతుంది.

నలుగురున్న ఇల్లు మనిషికి రోజుకు 150 లీటర్లు వాడినా నెలకు 18 కిలోలీటర్లే. అంటే మహానగరానికి పెట్టుకున్న ప్రమాణం మొత్తం ఉచితంలోనే వచ్చేస్తుంది. పేద ఇంటికి ఇది న్యాయం. మూడంతస్తుల విల్లాకూ అదే 20 ఇవ్వడంలో న్యాయం కనిపించదు, ఎందుకంటే ఆ 20 కిలోలీటర్లు ఇక్కడికి చేరడానికి అయ్యే ఖర్చు చూస్తే తల తిరుగుతుంది.

ఎత్తు, దూరం, కరెంటు

నగరం దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. నదులేమో కింద ఉన్నాయి. కృష్ణా నీళ్లు తీసుకునే నాగార్జునసాగర్ పూర్తిగా నిండినప్పుడు 590 అడుగులు, అంటే 180 మీటర్లు. గోదావరి నీళ్లు తీసుకునే ఎల్లంపల్లి 148 మీటర్లు. కృష్ణా మూడు దశలు 2004, 2008, 2015లో వచ్చాయి, కలిపి 270 ఎంజీడీ (రోజుకు మిలియన్ గ్యాలన్లు), ఏడాదికి 16.5 టీఎంసీలు. గోదావరి మొదటి దశ 2015లో, 172 ఎంజీడీ, 10 టీఎంసీలు, 186 కిలోమీటర్ల పైపు. అంతకు ముందు 1965 నుంచి 1993 మధ్య నాలుగు దశల్లో మంజీరా, సింగూరు నుంచి తెచ్చుకున్నది 120 ఎంజీడీ.

ఒక కిలోలీటరు అంటే టన్ను బరువు. దాన్ని 400 మీటర్లు ఎత్తడానికి కాగితం మీద 1.09 యూనిట్ల కరెంటు కావాలి. పంపు, మోటారు కలిపి సామర్థ్యం 75 శాతం అనుకుంటే దాదాపు ఒకటిన్నర యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా కిలోలీటరుకు 9 రూపాయలు ఎత్తిపోతకే. దారిలో నూటికి 30 కిలోలీటర్లు లీకేజీల్లో, లెక్కలేని కనెక్షన్లలో పోతే, బిల్లు పడే ప్రతి కిలోలీటరు మీదా దాదాపు 13 రూపాయలు. మొదటి స్లాబులో నీళ్ల ధర 10 రూపాయలు. అంటే శుద్ధి, జీతాలు, మరమ్మతు, అప్పు, ఏదీ కలపకుండానే నష్టం.

ఇప్పుడు గండిపేట చూడండి. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో మూసీ మీద ఉస్మాన్ సాగర్ (గండిపేట అంటే ఇదే), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు, అంటే 545 మీటర్లు. నగరంతో సమానం. అక్కడి నుంచి కాలువలో నీళ్లు వాటంతట అవే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్లకు నడిచొస్తాయి, కరెంటు అక్కర్లేదు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల కిలోలీటర్లు. అదే టీఎంసీ కృష్ణా నుంచి తెస్తే పైన చెప్పిన లెక్కన 4.25 కోట్ల యూనిట్లు, 25 కోట్ల రూపాయల కరెంటు. గండిపేట, హిమాయత్ సాగర్ నిండితే 3.9, 2.97 కలిపి 6.87 టీఎంసీలు. ఈ రెండు చెరువుల విలువ ఎక్కడా ఆస్తిగా రాసి ఉండదు కానీ, వాటిలోకి వచ్చే ప్రతి టీఎంసీ ఏటా 25 కోట్లు మిగిల్చే ఆస్తి.

అప్పు ఎలా పనిచేస్తుంది

గోదావరి రెండో దశకు 2025 సెప్టెంబర్ 8న శంకుస్థాపన జరిగింది. అంచనా 7,360 కోట్లు. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తేవాలని, అందులో 17.5 నగరానికి, 2.5 జంట జలాశయాలైన గండిపేట, హిమాయత్ సాగర్‌లను నింపి మూసీలో పారించడానికి అని ప్రణాళిక. హ్యామ్ పద్ధతిలో కడుతున్నారు: ప్రభుత్వం 40 శాతం పెడుతుంది, మిగతా 60 కాంట్రాక్టు సంస్థ తెచ్చి పెట్టి తర్వాత వాయిదాల్లో వసూలు చేసుకుంటుంది. అప్పు ఎవరి పేరు మీద ఉన్నా చివరికి కట్టేది నగరమూ రాష్ట్రమూ.

ఉజ్జాయింపు లెక్క ఒకటి వేసుకుందాం. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే ప్రతి 100 కోట్లకు ఏటా దాదాపు 11 కోట్లు కట్టాలి. 7,360 కోట్ల మీద 806 కోట్లు. 17.5 టీఎంసీలు పూర్తిగా వచ్చి, ఒక్క చుక్కా పోకుండా అమ్ముడుపోతే కిలోలీటరుకు 16 రూపాయలు. నూటికి 30 పోతే 23. మొదటి ఏళ్లలో సగం నీళ్లే వాడకంలోకి వస్తే 46. దీనికి తోడు కరెంటు ఖర్చు మామూలే. నిజమైన ఒప్పందంలో వడ్డీ, గడువు మారొచ్చు, కానీ లెక్క నడిచే తీరు ఇదే: పైపు, పంపు పెద్దవి కట్టేది ముప్పై ఏళ్ల తర్వాతి జనాభా కోసం, వాయిదా మాత్రం మొదటి ఏడాది నుంచే పూర్తిగా కట్టాలి. వాన పడ్డా పడకపోయినా వాయిదా ఆగదు.

దీనివల్ల ఒక చిక్కు పుడుతుంది, చాలామంది గమనించరు. అప్పు తీర్చే డబ్బు కిలోలీటర్ల అమ్మకంలోంచే రావాలంటే, జనం నీళ్లు పొదుపు చేసిన కొద్దీ సంస్థకు నష్టం. ఒకవైపు పొదుపు చేయండని ప్రచారం, మరోవైపు అమ్మకం తగ్గితే వాయిదా కట్టలేని పరిస్థితి. దీనికి మందు బిల్లును రెండు ముక్కలు చేయడం. కనెక్షన్ సైజును బట్టి నెలకు స్థిరమైన చార్జీ ఒకటి, అది అప్పు కోసం. వాడిన నీళ్లకు చార్జీ ఒకటి, అది కరెంటు, మందులు, మరమ్మతు కోసం. పేద ఇళ్ల స్థిర చార్జీ ప్రభుత్వం కడితే ఉచిత పథకమూ నిలుస్తుంది, పొదుపు చేసిన ఇంటికీ లాభం ఉంటుంది. ఇప్పుడొచ్చే బిల్లులో అప్పు అనే గీత అసలు లేదు. ఈ సేవలో పెద్ద లోపం అదే.

ఆలస్యం ఎంత ఖరీదో సుంకిశాల చూస్తే తెలుస్తుంది. సాగర్‌లో నీళ్లు 510 అడుగుల దగ్గరికి పడిపోతే పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు పెట్టాల్సి వస్తోంది, 2024 వేసవిలో అదే జరిగింది. ఆ అవస్థ తప్పించడానికి 2,215 కోట్లతో సుంకిశాల దగ్గర లోతైన ఇన్‌టేక్ బావి మొదలుపెట్టారు. 2024 ఆగస్టు 2న దాని గోడ కూలింది. పని ఆగిన ప్రతి నెలా వడ్డీ నడుస్తుంది, అత్యవసర పంపుల ఖర్చూ నడుస్తుంది, ఒకే నీటికి రెండుసార్లు కట్టినట్టు.

మల్లన్నసాగర్ 50 టీఎంసీల జలాశయం, 557 మీటర్ల మట్టంలో ఉంది. అందులోకి నీళ్లు వచ్చేది కాళేశ్వరం ఎత్తిపోతల వరుసలో. ఆ పథకం ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటుతుందని కాగ్ 2024లో బయటికి వచ్చిన నివేదికలో చెప్పింది. 2023 అక్టోబర్ 21న అదే పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన సంగతి తెలిసిందే. నగరానికి వచ్చే వాటా ఎల్లంపల్లి వరద నుంచే నింపుకోవచ్చు కాబట్టి మేడిగడ్డ లేకపోతే నీళ్లు రావనుకోనక్కర్లేదు. అప్పు బరువు మాత్రం ఆ వరుస మొత్తం మీద ఉంది.

గండిపేటకు వచ్చే దారి

1996 మార్చి 8 నాటి జీవో 111 జంట జలాశయాల పూర్తి మట్టం నుంచి 10 కిలోమీటర్ల దాకా, 84 గ్రామాల్లో, 1,32,600 ఎకరాల్లో పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకుండా ఆపింది. 2000లో సురానా ఆయిల్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ జలాశయాల రక్షణ వైపే నిలబడింది. 2022 ఏప్రిల్ 12న జీవో 69 ఆంక్షల్ని సడలించింది. దానికి చూపిన కారణం ముఖ్యం: ఒకప్పుడు నగరం నీళ్లలో 27.59 శాతం ఈ రెండింటి నుంచి వచ్చేది, ఇప్పుడు 1.25 శాతం కంటే తక్కువ, కాబట్టి అంత రక్షణ అక్కర్లేదు అని. 2023 మేలో మంత్రివర్గం జీవో 111 ఎత్తేస్తున్నట్టు కూడా ప్రకటించింది.

ఈ వాదన తలకిందులుగా ఉంది. శాతం పడిపోవడానికి ఒక కారణం కృష్ణా, గోదావరి నీళ్లు కలవడం, అది సహజం. రెండోది ఎగువన వాగులు మూసుకుపోవడం, బోర్లు ఎక్కువై భూమి లోపలి నీళ్లు వాగుకు ఊరకపోవడం, ఫామ్‌హౌస్ ప్రహరీలు కాలువలకు అడ్డం రావడం. రక్షణ సరిగా లేక తగ్గిన నీళ్లను చూపించి రక్షణే తీసేయమనడం ఎలా సబబు?

నిజానికి జీవో 111 కూడా సరిపోలేదు. ఉస్మాన్ సాగర్ పరీవాహకం 738 చదరపు కిలోమీటర్లు, హిమాయత్ సాగర్‌ది 1,311. కలిపి 2,049. జీవో కింద ఉన్న భూమి 536 చదరపు కిలోమీటర్లు, అంటే పావు వంతు, అందులోనూ కొంత కట్టకు కింది వైపు. వికారాబాద్ అనంతగిరి కొండల నుంచి దిగే వాగుల్ని ఆ జీవో ముట్టుకోనేలేదు. వలయం గీసి కాపాడటం కంటే వాగు వెంట కాపాడటం ఎక్కువ ఫలితం ఇస్తుంది: వాగు మధ్య నుంచి రెండు వైపులా కొలిచి హద్దు రాళ్లు, రోడ్లు దాటే చోట కల్వర్టు సైజు పెంచడం, చెక్‌డ్యామ్‌లు వాన మొదట్లో నిండి తర్వాత మత్తడి దూకి కిందికి వదిలేలా ఎత్తు పెట్టడం. కల్వర్టు గొట్టం ఒకటి చిన్నది పడితే ఎగువన పొలాలు మునుగుతాయి, కింద చెరువుకు నీళ్లు రావు. రెండు వైపులా నష్టమే.

చెరువు అంచు, చట్టంలో సందు

2017 చిత్తడి నేలల నిబంధనలు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. తాగునీటి కోసం, సాగునీటి కోసం మనుషులు కట్టుకున్న చెరువులు ఆ నిర్వచనంలోకి రావు. తెలంగాణ చెరువులన్నీ కట్ట వేసి, తూము, మత్తడి పెట్టి మనుషులు కట్టుకున్నవే. గండిపేట తాగునీటికి, మిగతా గొలుసుకట్టు చెరువులు సాగుకు. దీంతో పక్షులు వాలి, తుంగ పెరిగి, నీళ్లు ఇంకి, అన్ని విధాలా చిత్తడి నేలగా బతుకుతున్న చెరువుకు ఆ చట్టం అండ దొరకడం లేదు. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా వచ్చింది, అది వేరే చట్టం దారిలో. మిగతా వాటికి దిక్కు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం), బఫర్ (దాని చుట్టూ వదలాల్సిన ఖాళీ) నిబంధనలే. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు పూర్తి మట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు, 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు ఖాళీ వదలాలి.

ఆ అంచు ఖాళీ జాగా కాదు. వాన నీళ్లు చెరువులోకి వచ్చేచోట తుంగ, జమ్ము దట్టంగా ఉంటే నీళ్ల వేగం తగ్గి ఒండ్రు అక్కడే దిగుతుంది. నత్రజని, భాస్వరం ఆ మొక్కలు పీల్చుకుంటాయి. అంచు తీసేసి రాతి గోడ, వాకింగ్ ట్రాక్ కడితే చెరువు చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, రెండు ఎండాకాలాలు గడిచేసరికి నీళ్లు పచ్చగా మారి నాచు వాసన వేస్తుంది. తాగునీటి చెరువైతే పటిక ఎక్కువ వేయాలి, క్లోరిన్ ఎక్కువ వేయాలి, నీళ్లలో సేంద్రియ పదార్థం ఉండగా క్లోరిన్ పెంచితే ట్రైహాలోమీథేన్లు అనే హానికర రసాయనాలు ఏర్పడతాయి. నది దగ్గర నుంచి నీళ్లు తేవడానికి వేల కోట్లు పెట్టే చోట, అంచు కాపాడే ఖర్చు ఏ పద్దులోనూ కనిపించకపోవడం బాధ కలిగిస్తుంది.

మురుగు విషయంలో మాత్రం పని కనిపిస్తోంది. 3,866 కోట్లతో 31 మురుగు శుద్ధి కేంద్రాలు, రోజుకు 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో చేపట్టారు. వీటికి ముందున్నది 772. చెరువుల్లో గుర్రపు డెక్క తగ్గాలంటే ఇదే మొదటి మెట్టు. ఒక జాగ్రత్త: శుద్ధి చేసిన నీళ్లలోనూ భాస్వరం మిగులుతుంది. గొట్టం నేరుగా చెరువులో పెట్టకుండా, ముందు జమ్ము మొక్కల మడిలో రెండు మూడు రోజులు నిలిపి వదిలితే తేడా స్పష్టంగా ఉంటుంది. చెరువు పక్కన జాగా లేదంటారు, ఆ జాగా బఫర్‌లోనే ఉంది.

జంట జలాశయాలను గోదావరితో నింపే ఆ 2.5 టీఎంసీల మీద మూడు షరతులు రాసిపెట్టాలి. మొదటిది, జూన్ నుంచి అక్టోబర్ దాకా నింపకూడదు. ఈ జలాశయాలు కట్టిందే వరద ఆపడానికి, ముందే నింపి ఉంచితే అనంతగిరిలో కుండపోత పడ్డ రోజు గేట్లెత్తడం తప్ప దారి ఉండదు, కింద మూసీ ఒడ్డు బస్తీలు మునుగుతాయి. రెండోది, ఏడాది పొడవునా ఒకే మట్టం ఉంచకూడదు. చలికాలం నుంచి నీళ్లు నెమ్మదిగా దిగుతూ బురద అంచు బయటపడితేనే వలస పక్షులకు మేత దొరుకుతుంది, చేపలు గుడ్లు పెట్టే పచ్చిక మళ్లీ మొలుస్తుంది. మూడోది, 2.5 టీఎంసీలు ఎత్తడానికి అయ్యే 60 కోట్లకు పైగా కరెంటు ఖర్చును ఏటా విడిగా చూపించాలి. ఎగువ వాగు తెరిస్తే వాటంతట అవే వచ్చే నీళ్లు ఎన్ని, ఎత్తి పోసేవి ఎన్ని అన్నది అప్పుడే జనానికి తెలుస్తుంది.

కనెక్షన్ తీసుకునేవాళ్లకు

300 గజాలు, ఆ పైన ఉన్న స్థలానికి ఇంకుడు గుంత తప్పనిసరి, చిన్న స్థలంలోనూ మేలే. గుంత లోతులో సగం దాకా 40 ఎంఎం కంకర, దాని మీద పావు వంతు 20 ఎంఎం కంకర, దాని మీద పదో వంతు దొడ్డు ఇసుక, పైన కాస్త ఖాళీ. ఇసుక పొర ఏటా వానలకు ముందు తీసి కడగాలి, లేకపోతే మూడో ఏడు నుంచి నీళ్లు పైనే నిలుస్తాయి. మిద్దె నీళ్లే అందులోకి పంపాలి. కారు కడిగిన నీళ్లు, వంటింటి నీళ్లు పంపితే బోరు పాడవుతుంది.

చెరువు పక్కన ఫ్లాటు చూస్తున్నట్టయితే బ్రోచర్‌లోని లేక్ వ్యూ ఫొటో పక్కన పెట్టి హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్ తెరవండి. చెరువు పేరుతో కాకుండా గ్రామం, సర్వే నంబరుతో వెతకండి, ఒకే పేరుతో కుంటలు చాలా ఉంటాయి. చెరువు హద్దు నోటిఫికేషన్ ప్రాథమికమా, తుదిదా చూడండి. ప్రాథమికం దగ్గరే ఆగిన చెరువులు చాలానే ఉన్నాయి, వాటి హద్దు ఇంకా మారొచ్చు. ఎఫ్‌టీఎల్ పటం, గ్రామ నక్షా, బిల్డర్ ఇచ్చిన లేఅవుట్ మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మత్తడి ఎటు ఉందో, మత్తడి నుంచి దిగే నాలా లేఅవుట్‌లో ఎక్కడ పోతోందో చూడండి. నాలా గీత లేఅవుట్ హద్దు దగ్గర ఆగిపోయి అవతల మళ్లీ మొదలైతే మధ్యలో దాన్ని పూడ్చారని అర్థం, అక్కడ అడ్వాన్స్ ఇవ్వకండి. పట్టా ఉంది కదా అని చూపిస్తారు. శిఖం పట్టా అంటే నీళ్లు దిగినప్పుడు సాగు చేసుకునే హక్కు. ఇల్లు కట్టుకునే హక్కు అందులో లేదు.